ఇంకో ఏడాది ఆగి రాస్తానంటే

పీజీ ఎంట్రెన్స్‌కి చదివే పిల్లలున్న ఇళ్ళలో రోజుకి పదిసార్లు వినబడే ప్రశ్న ఒకటుంది. "రెడీ అయినవా?" నాన్న ఫోన్లో అడుగుతాడు, అమ్మ అన్నం వడ్డిస్తూ అడుగుతుంది, పక్కింటావిడ మెట్ల మీద ఎదురైతే నమస్తే బదులు అదే అడుగుతుంది. దానికి సరైన జవాబు ఏ పిల్లా చెప్పలేదు. నిన్న మంచిగా చదివితే అయినా అంటుంది, ఇవాళ ఒక లెక్క రాకపోతే కాలేదంటుంది. అది ఆ రోజు మూడ్ గురించిన జవాబు, చదువు గురించినది కాదు. కానీ మన ఇళ్ళలో ఆ మూడ్ మీదే పెద్ద నిర్ణయాలు అయిపోతుంటాయి. పరీక్ష రాయాలా మానాలా, ఏడాది ఆగాలా, ఆగితే ఆ ఏడాది ఏం చేయాలా అన్నవన్నీ.

మా ఇంట్లో ఇప్పుడు అదే నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

మా అక్క కూతురు నాలుగేళ్ళుగా మా దగ్గరే ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. వాళ్ళది జడ్చర్ల వైపు. మహబూబ్‌నగర్ రైలు లైను మా బుద్వేల్ మీదుగానే పోతుంది కాబట్టి, రావడానికీ పోవడానికీ సులువని మా ఇంట్లో పెట్టారు. సివిల్, ఆఖరి సంవత్సరం. సెప్టెంబర్లో గేట్‌కి అప్లికేషన్ పెట్టింది. ఆడపిల్లలకి ఫీజు సగమే, వెయ్యి రూపాయలు. ఈసారి గౌహతి ఐఐటీ వాళ్ళు నిర్వహిస్తున్నారు, ఫిబ్రవరి 7, 8, 14, 15 తేదీల్లో. డిసెంబర్ మధ్యలో ఒకరోజు వంటింటి గడప దగ్గర నిలబడి, "చిన్నమ్మా, ఈసారి రాయ. సిలబస్ సగం గూడ కాలే. ఇంకో ఏడాది ఆగి మంచిగ రాస్త" అంది.

ఈ మాట మా బావకి చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆయన కోపంగా ఏం అనలేదు. మామూలుగానే, "ఏడాది ఇంట్ల ఖాళీగ కూసుంటదా? మంచి సంబంధమే వచ్చింది. చేసేస్తం" అన్నాడు.

ఇక్కడే నాకు చెప్పాలనిపించిన మొదటి సంగతి ఉంది. మగపిల్లాడు "ఇంకో ఏడాది" అంటే అది చదువుకి ఇచ్చిన ఏడాది. అశోక్‌నగర్‌లో గది తీసుకుంటాడు, అమీర్‌పేటలో తీసుకుంటాడు, ఇంట్లోవాళ్ళు నెలనెలా డబ్బు పంపుతారు, అడిగినవాళ్ళకి "ప్రిపేర్ అవుతున్నాడు" అని గౌరవంగా చెప్పుకుంటారు. ఆడపిల్ల అదే మాట అంటే ఆ ఏడాది ఆమెది కాదు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఆడపిల్ల అంటే ఊరందరికీ కనబడే ఖాళీ. చుట్టాల పెళ్ళిళ్ళకి తోడు వెళ్ళాలి, నానమ్మకి కళ్ళ ఆపరేషనైతే ఆస్పత్రిలో పడుకోవాలి, తమ్ముడి టిఫిన్ కట్టాలి. మధ్యమధ్య ఆదివారాలు చూడ్డానికి వచ్చేవాళ్ళ ముందు చీర కట్టుకుని కూర్చోవాలి. పుస్తకం తెరిచే ఉంటుంది, పేజీ తిరగదు. ఇది నేను ఒక ఇంట్లో కాదు, నాకు తెలిసిన నాలుగైదు ఇళ్ళలో చూశాను. కాబట్టి ఆడపిల్లల మట్టుకు "వచ్చే ఏడాది ఇంకా బాగా చదువుతాను" అన్న లెక్క కాగితం మీద సరిపోతుంది గానీ ఇంట్లో సరిపోదు. ఇప్పుడు కాలేజీ ఉంది, హాస్టల్లాంటి మా ఇల్లుంది, ఎవరూ వేలుపెట్టని సాయంత్రాలున్నాయి. వచ్చే ఏడాది ఇవేవీ ఉండవు.

అలాగని "రాసెయ్, ఏదైతే అదవుతుంది" అని పంపేయడం కూడా నాకు నచ్చదు. అది ధైర్యం చెప్పడం కాదు, చేతులు దులుపుకోవడం. రాయాలా వద్దా అన్నది చూసి తేల్చుకోవాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఈ పరీక్షల దగ్గర ఆ సామెత పనిచేయదు. కోచింగులో వారం వారం పెట్టే చాప్టర్ టెస్టులు ఒక్కో మెతుకే. సాయిల్ మెకానిక్స్ చదివిన వారమే సాయిల్ మెకానిక్స్ పరీక్ష పెడితే ఎవరికైనా మార్కులొస్తాయి. అసలు పరీక్షలో ఏ ప్రశ్న ఏ చాప్టర్ నుంచి వచ్చిందో పైన రాసి ఉండదు కదా. గిన్నె మొత్తం ఒకసారి దించి చూడాల్సిందే.

అందుకని నేను ఆమెతో వాదించలేదు. "రాయనంటే రాయకు. కానీ ముందు మూడు పాత పేపర్లు, పూర్తిగా, టైము పెట్టుకుని రాసి నాకు చూపించు. ఆ తర్వాత నువ్వేమంటే అదే మీ నాన్నకి చెప్తా" అన్నాను. పాత ప్రశ్నపత్రాలు, వాటి కీ ఐఐటీల వెబ్‌సైట్లలో ఊరికే దొరుకుతాయి. ఎకరం నలభై కోట్లు దాటి వేలంలో పోయిన ఊరు మాది (2023 ఆగస్టులో హెచ్ఎండీఏ వేలం గుర్తుండే ఉంటుంది, ఇక్కడ ఎక్కువలో ఎక్కువ పలికిన ధర ఎకరానికి 41.75 కోట్లు). అలాంటి చోట ఉచితంగా దొరికేది ఒక్కటైనా ఉందని మా ఆయన నవ్వుకున్నాడు.

గేట్ పేపరు గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్, అంటే ఇంగ్లీషు, మామూలు లెక్కలు, తర్కం. ఆ పది ప్రశ్నలు బీకాం చదివిన నాక్కూడా చాలామటుకు అర్థమయ్యాయి. సివిల్ లాంటి బ్రాంచీల్లో మ్యాథ్స్ మార్కులు దీనికి కలిపితే పేపర్లో పావు వంతు దాటిపోతుంది. "సిలబస్ సగం గూడ కాలే" అనే పిల్లలు చాలామంది ఈ పావు వంతుని అసలు సిలబస్‌గా లెక్కలోకే తీసుకోరు. ఉన్న సబ్జెక్టులన్నీ పూర్తి చేసే తొందరలో, దీన్ని "తర్వాత చూసుకుందాం" అని పక్కన పెడతారు.

ఇంకోటి నెగెటివ్ మార్కులు. నాలుగిట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలో తప్పు పెడితే, ఒక మార్కు ప్రశ్నకి మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకి మూడింట రెండు వంతులు కోస్తారు. మనమే అంకె టైపు చేయాల్సిన ప్రశ్నలకీ, ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలకీ కోత లేదు. ఇది అందరికీ తెలిసిందే. తెలిసినా పరీక్షలో చేయి ఆగదు.

మొదటి పేపరు క్రిస్మస్ సెలవుల్లో పెట్టాం. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలు, పన్నెండున్నరకి ఆఖరు. అసలు పరీక్షలో పొద్దుటి సెషన్ టైము అదే. డైనింగ్ టేబుల్ మీద మా ఆయన పాత ల్యాప్‌టాప్, పక్కన తెల్లకాగితాలు, ఒక పెన్ను. చేతి క్యాలిక్యులేటర్ ఇవ్వలేదు. అక్కడ స్క్రీన్ మీదే ఉంటుంది, మౌస్‌తో ఒక్కో అంకె నొక్కుకోవాలి. ఇంట్లో చేత్తో చకచకా నొక్కే పిల్లకి దానితో ప్రతి లెక్కకీ అరనిమిషం ఎక్కువ పట్టింది. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికైనా పూర్తి పేపరు రాసి చూడాలంటాను.

ఆ రోజు 57 ప్రశ్నలు పెట్టింది. సాయంత్రం కీ చూసి దిద్దుకుంది. సరైన వాటికి 33 మార్కులు. కోతలో పోయినవి 10.67. మిగిలింది 22.33. ఏడ్చేసింది. "చూసినవా, నేను చెప్పలే" అంది. నేను ఆ కాగితం తీసుకుని తప్పుపోయిన ఒక్కో ప్రశ్న దగ్గరా ఒకటే అడిగాను, ఇది నీకు తెలిసి పెట్టినవా, ఊహించి పెట్టినవా? సగానికి పైగా ఊహించినవే. "ఖాళీగ వదిలేస్తే భయమైతది చిన్నమ్మా" అంది. ఆ భయం నాకు అర్థమైంది. పదో తరగతి నుంచీ ఒక్క ప్రశ్న కూడా వదలకండి, ఏదో ఒకటి రాసి రండి అని మనమే కదా పంపాం.

వారం తర్వాత రెండో పేపరు. ఈసారి 43 ప్రశ్నలే పెట్టింది. సరైన వాటికి 34, కోత 3, మిగిలినవి 31.

చూడండి, ఆ వారంలో కొత్తగా చదివింది పెద్దగా ఏం లేదు. వచ్చిన మార్కు ఒక్కటే పెరిగింది, 33 కాస్తా 34. కానీ చేతిలో మిగిలింది దాదాపు తొమ్మిది మార్కులు పెరిగింది. ఇదే పిల్ల, ఇదే బుర్ర, ఇదే సగం సిలబస్. మొదటి ఆదివారం అడిగితే రెడీ కాదు, రెండో ఆదివారం అడిగితే దాదాపు రెడీ. అందుకే సిలబస్ ఎంతయింది అన్న ప్రశ్నని నేను నమ్మను. సిలబస్ మొత్తం అయ్యాక రాస్తానంటే సముద్రంలో అలలు ఆగాక స్నానం చేస్తాననడమే. రెండోసారి తిరగేసేసరికి మొదటిది మర్చిపోయి ఉంటాం.

మూడో పేపరు సంక్రాంతి ముందు ఆదివారం. కొంచెం కఠినమైన ఏడాది పేపరు తీసుకుంది. 29.33 వచ్చింది. ఒకటి ముప్పై ఒకటి, ఒకటి ఇరవై తొమ్మిది. అంటే ఇప్పుడు ఆమె నిలబడ్డ చోటు ముప్పై దగ్గర. జనరల్ వాళ్ళకి సివిల్లో క్వాలిఫై మార్కు ఇన్నేళ్ళుగా వందకి ముప్పై అటూ ఇటూనే ఉంటోంది. ఓబీసీ వాళ్ళకి అందులో తొంభై శాతం, ఎస్సీ ఎస్టీ వాళ్ళకి మూడింట రెండు వంతులు వస్తే చాలు. మా పిల్లకి ఓబీసీ సర్టిఫికెట్ ఉంది. గట్టున ఉంది, కానీ గట్టుకి ఇవతలే ఉంది.

క్వాలిఫై కావడం, సీటు రావడం ఒకటి కాదు. ఈ మార్కులతో ఐఐటీ సీటు రాదు, అది ఆమెకీ చెప్పాను, బావకీ చెప్పాను. పిల్లల్ని ప్రోత్సహించే పేరుతో అబద్ధాలు చెప్పకూడదు. కానీ ఐఐటీ లేకపోతే ఏదీ లేనట్టే అని మన ఇళ్ళలో అనుకోవడం కూడా పొరపాటే. మన తెలంగాణలో ఎంటెక్ అడ్మిషన్లకి ముందు గేట్ క్వాలిఫై అయినవాళ్ళని పిలుస్తారు, ఆ తర్వాతే పీజీఈసెట్ ర్యాంకుల వాళ్ళని. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో గేట్ స్కోరుతో చేరితే నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంటుంది, రెండేళ్ళు. ఈ మాట చెప్పినప్పుడే బావ ఫోన్లో మొదటిసారి కాసేపు మాట్లాడకుండా విన్నాడు. ఆడపిల్ల చదువు విషయంలో మన మగవాళ్ళని కదిలించడానికి జ్ఞానం, విద్య, భవిష్యత్తు అన్న పెద్ద పెద్ద మాటలకంటే నెలకి ఇంత అన్న అంకె బాగా పనిచేస్తుంది. బాధగానే ఉంటుంది, కానీ పని జరగాలి కదా.

ఇంకొక సంగతి. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నవాళ్ళు కూడా రాయొచ్చు. అంటే ఒకసారి క్వాలిఫై అయితే, ఆ కాగితం వచ్చే ఏడాదికీ పనికొస్తుంది, ఆ పై ఏడాదికీ. "ఆగి రాస్తా" అనేవాళ్ళకి ఇది చెప్పండి. ఇప్పుడు రాస్తే వచ్చే ఏడాది రాయకూడదని ఎవరూ అనలేదు. మళ్ళీ రాసుకోవచ్చు.

అన్ని పరీక్షలకీ ఇదే లెక్క కాదు. మా కిందింటి వాళ్ళ అబ్బాయి జీఆర్ఈ చదువుతున్నాడు. దానికి తేదీ మనం ఎంచుకోవచ్చు, 21 రోజుల తర్వాత మళ్ళీ రాయొచ్చు, స్కోరు ఐదేళ్ళు ఉంటుంది. 2023 సెప్టెంబర్ నుంచి రెండు గంటల లోపుకి తగ్గించారు కూడా. అలాంటి పరీక్షకి "ఇంకా కాలేదు, నెల జరుపుకుంటా" అంటే నేనూ సరే అంటాను. పోయేది ఫీజే, అదీ తక్కువేం కాదనుకోండి. క్యాట్ దానికి పూర్తిగా ఎదురు. ఏడాదికి ఒక్కసారి, నవంబర్ చివర్లో, స్కోరు ఆ ఏటి అడ్మిషన్లకే. మన ఐసెట్, పీజీఈసెట్ల లాంటి వాటిలో నెగెటివ్ మార్కులే లేవు కాబట్టి, అక్కడ మా పిల్ల లాగా ఖాళీలు వదిలేస్తే నష్టం. వీటన్నిటికీ కలిపి "రెడీయా" అని ఒకే ప్రశ్న అడగడం, ఎండాకాలం పెళ్ళికీ వానాకాలం నాట్లకీ ఒకే ముహూర్తం చూడమనడం లాంటిది. ఈ పరీక్ష మళ్ళీ ఎప్పుడు, స్కోరు ఎన్నాళ్ళు ఉంటుంది, రాసి పోగొట్టుకుంటే ఏం పోతుంది? ముందు ఇవి తెలుసుకున్న ఇంట్లో సగం గొడవలు ఉండవు.

రాయకుండా ఆగాల్సిన పిల్లలు లేరని నేననను. ఉన్నారు. రాత్రుళ్ళు నిద్రపోనివాళ్ళు, తిన్నది ఇమడనివాళ్ళు, పుస్తకం చూస్తేనే చేతులు వణికేవాళ్ళు. వాళ్ళకి కావాల్సింది పాత పేపర్లు కాదు, డాక్టరు. మూడు పేపర్లలోనూ పది పన్నెండు దాటనివాళ్ళూ ఉంటారు. వాళ్ళు ఈ సబ్జెక్టులో పీజీ నిజంగా కోరుకుంటున్నారా, లేక పక్క బెంచీ వాళ్ళు పెట్టారని అప్లికేషన్ పెట్టారా అన్నది ముందు తేల్చుకోవాలి. అలాంటి పిల్ల "నేను రాయను" అంటే కట్టిన ఫీజు పోయిందని ఏ అమ్మా గుండెలు బాదుకోకూడదు. అంతకంటే ఎక్కువ డబ్బు మనం ఒక్క ఫంక్షన్‌కి గిఫ్ట్‌లకే పోస్తాం.

కానీ మన ఆడపిల్లల్లో చాలామంది "రెడీ కాలే" అనేది చదువు గురించి కాదని నాకు అనుమానం. రాసి తక్కువొస్తే, "చూసినవా, అయ్యేది కాదని చెప్పినం కదా" అంటారు. రాయకపోతే ఆ మాట ఎవరూ అనలేరు, వచ్చే ఏడాది ఐఐటీయే వచ్చేదేమో అన్న ఆశ అలాగే ఉంటుంది. పాపం, ఆ ఆశని కాపాడుకోవడానికే పరీక్ష మానుకుంటారు. ఫలితం వచ్చిన రోజు ఇంట్లో ఏ మాట వినాల్సి వస్తుందో ఆ పిల్లలకి ముందే తెలుసు. ఆ మాట అనమని మనం ముందుగానే ఒప్పుకుంటే, ఎంతమంది రాయడానికి సిద్ధమవుతారో చూడండి.

ఇక ఇంటి సంగతి. మూడు గంటలు ఒక పిల్లని ఎవరూ పిలవకుండా ఉంచడం ఎంత కష్టమో ఈ నెలలో తెలిసింది. మా వీధి మీంచి కొత్త హైకోర్టు పనులకి టిప్పర్లు పోతుంటాయి, పైన విమానాలు, అటువైపు రైలు. వాటితో ఆ పిల్లకి ఏ ఇబ్బందీ లేదు, అలవాటైపోయాయి. ఇబ్బందల్లా "ఒక్క నిమిషం, ఈ ఉల్లిగడ్డ కోసిపెట్టు", "ఒక్క నిమిషం, ఓటీపీ చూడు" అనే మనుషులతోనే. మూడో పేపరు రోజు సకినాల పిండి తడిపే పని సాయంత్రానికి జరిపాను. పన్నెండున్నర దాకా కుక్కర్ పెట్టలేదు. మా అత్తమ్మ ఆ రోజు పూజ గంట కూడా కొట్టలేదు, దేవుడికి కనబడదా ఏంటి అంది. పరీక్షకి తయారవ్వాల్సింది పిల్ల ఒక్కతే అనుకుంటాం గానీ, మూడు గంటలు నోరు కట్టుకోవడం ఇంటిల్లిపాదికీ ప్రాక్టీసు కావాలి.

ఇప్పటికి తేలింది ఇది. మా పిల్ల రాస్తానంది. నేను చెప్పినందుకు కాదు, మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని తనే అంది. కొత్త సబ్జెక్టు ఏదీ మొదలుపెట్టదట, వచ్చిన సబ్జెక్టులూ మ్యాథ్సూ ఆప్టిట్యూడూ మళ్ళీ చూసుకుంటుందట. ఇంకో రెండు పూర్తి పేపర్లు రాస్తుంది, అందులో ఒకటి మధ్యాహ్నం రెండున్నర నుంచి, ఎందుకంటే మధ్యాహ్నం సెషన్ కూడా ఉంటుంది, అన్నం తిన్నాక ఆమెకి కళ్ళు మూతలు పడతాయి. పరీక్ష రోజు మా ఆయన సెలవు పెడుతున్నాడు. సెంటర్ ఎటువైపు పడ్డా, ఆరాంఘర్ చౌరస్తాలో పొద్దుటి ట్రాఫిక్ దాటే పూచీ ఆయనది.

బావతో ఒక ఒప్పందం మాత్రం చేసుకున్నాను. మార్చిలో ఫలితం వచ్చేదాకా సంబంధం వాళ్ళకి అవుననీ కాదనీ చెప్పకూడదు. క్వాలిఫై అయితే ఎంటెక్ కౌన్సెలింగ్‌కి నేను తీసుకెళ్తాను. కాకపోతే పీజీఈసెట్ దాకా ఆగాలి, అప్పటిదాకా పిల్ల బుద్వేల్‌లోనే ఉంటుంది. "అప్పటికి గూడ రాకపోతే?" అన్నాడు. అప్పుడు పిల్లనే అడుగుదాం బావా అన్నాను. సరే చూద్దాం అన్నాడు. మా బావ నోట్లోంచి అది చాలా పెద్ద మాట, ప్రస్తుతానికి దానితోనే సర్దుకుంటున్నాం.